రెండు దోసిళ్ళ బంగారం

కరుణ గలుగు తండ్రి! కన్నుకుఁ గానని
మనసులోని మసియు మఱుగు గాదు
నీకు, నాదు కలము నిజమునె పలుకంగ
నీతి నొసగి నన్ను నిలుపుమయ్య.

గోదావరిఖనిలో, బొగ్గుబావి కార్మికుల క్వార్టర్లు ముగిసే చోట, చిన్న ప్రార్థనామందిరం ఒకటి ఉంది. ఆ సంఘానికి ఇద్దరు పెద్దలు. ఒకరు సదానందం, మరొకరు నర్సింగం. ఒకే బావిలో ముప్పై ఏళ్ళు దిగి, ఒకే ఏడు రిటైరై, మందిరం వెనుక వీధిలో ఎదురెదురుగా ఇళ్ళు కట్టుకున్నవారు. చుట్టరికం లేకున్నా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. సదానందానికి బైబిలు వాక్యం కంఠస్థం. నర్సింగానికి మనుషుల పేర్లు కంఠస్థం.

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే యేసును తలచుకొని రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధన, జరిగేటప్పుడు ద్రాక్షారసపు చిన్న గిన్నెలున్న పళ్ళెం పట్టుకొని వరుసల వెంట నడిచే సేవ నర్సింగానిది. ఆ పళ్ళెం మీద సదానందం చూపు చాలా ఏళ్ళుగా నిలిచి ఉంది. ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. ప్రార్థనలో దేవునితో సైతం అనలేదు.

దసరా సాయంత్రం ఆ సీమలో జమ్మిచెట్టుకు పూజ చేసి, ఆకు తెంపి తెచ్చి, పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కుతారు. ఆ ఆకును అక్కడ ఎవరూ ఆకు అనరు. బంగారం అంటారు. పుట్టిననాటి నుండి విన్న మాట గనుక అందులో వింత ఉందని ఎవరికీ తోచదు.

పన్నెండేళ్ళ క్రిందట పొరుగింటి భూపాల్ ఆ ఆకు తెస్తే, "విగ్రహానికి పెట్టింది నా గడప దాటద్దు" అని సదానందం వాకిట్లోనుంచే పంపివేశాడు. సంఘమంతా మెచ్చుకున్నది. మరుసటి ఏటి నుండి దసరానాడు ఆయన గడప ఎవరూ తొక్కలేదు. ఆయన కోరినదీ అదే. రాలేదని నొచ్చుకునే హక్కు తనకు లేదని ఆయనకు తెలుసు. తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గలేదు, లోపలికి తిరిగింది.

ఈ దసరాకు ఆయన అరుగు మీద కూర్చొని ఎదురింటిని చూస్తున్నాడు. మొదటి షిఫ్టు దిగి స్నానం చేసి కొత్త చొక్కాలు తొడిగిన కార్మికులు, చేతికర్రలతో పాతకాలపు పనివారు, షేర్ ఆటో రోడ్డు మీద ఆపి దిగిన డ్రైవరు, అందరూ నర్సింగం ఇంటికే. నర్సింగం జమ్మి దగ్గరికి పోలేదు, పూజకు నిలబడలేదు. తన గుమ్మంలో కుర్చీ వేసుకొని వచ్చినవారి చేతిలోని ఆకు అందుకొని, తలమీద చెయ్యి పెట్టి యేసు నామంలో ప్రార్థన చేసి పంపుతున్నాడు.

భూపాల్ ఇటుగా వచ్చాడు. సదానందాన్ని చూడగానే కుడిచేతిలోని ఆకును ఎడమచేతికి మార్చి వీపు వెనుక దాచుకున్నాడు.

"నమస్తే సదానందం కాకా, పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్న."

భూపాల్ ఎదురింటికి పోయాడు. ఆ మర్యాద సదానందానికి తిట్టుకంటే ఎక్కువగా తగిలింది.

ఆయన భార్య రాజకుమారి వాకిలి ఊడుస్తూ నవ్వింది. "ఏందయ్యా, ఒక్కొక్కల్ని లెక్కవెడ్తున్నవ్? జనాభా లెక్కల డ్యూటీ ఏసిన్రా నీకు?"

"విశ్వాసి ఇంట్ల జమ్మి ఆకు! లోకం ముందట సంఘం సాక్ష్యం ఏంగావాలె?"

"మనం క్రిస్మస్‌కు ఇంటిమీద నక్షత్రం కడ్తం. కేకు కోస్తం. జనవరి ఒకటికి వాకిట్ల ముగ్గేసి రంగులు నింపుతం. గవన్ని ఏ వాక్యంల ఉన్నయో జర సూపెట్టు."

"అవి వేరే."

"ఎట్ల వేరే?"

పూజలో పెట్టిన ఆకుకూ, పూజలో పెట్టని రంగుకూ భేదం ఉందని సదానందం చెప్పగలడు. ఆ భేదం నిజంగా ఉంది కూడా. కాని ఆ సాయంత్రం ఆయనను మండిస్తున్నది ఆ భేదం కాదు.

మరునాడు ఆయన కాగితం తీసి, గుండ్రని అక్షరాలతో పాస్టరుగారికి ఫిర్యాదు రాశాడు. "మన సంఘపెద్ద నర్సింగము తన యింట కూర్చుండి అన్యులచేత బంగారము పుచ్చుకొనెను. ఇది సాక్ష్యమునకు భంగము. విచారింపగలరు."

పాస్టరుగారు యువకుడు, తెనాలి వైపు వారు. ఆ సంఘానికి వచ్చి నాలుగు నెలలే అయింది. శనివారం పొద్దున సదానందాన్ని మందిరానికి పిలిపించారు. పాస్టరుగారి ముఖం పాలిపోయి ఉంది.

"సదానందంగారూ, మీ ఉత్తరం చదివి అన్నం కూడా సరిగ్గా తినలేకపోయానండీ. బంగారం తీసుకోవడం మీరు కళ్ళారా చూశారా?"

"సూసిన అయ్యగారూ. మా అరుగు మీదికెల్లి అంత కండ్లవడ్తది."

"ఎంత ఉంటుందంటారు?"

ఇదేమి ప్రశ్న అనుకున్నాడు సదానందం. "ఎంతంటే... రెండు దోసిళ్ళు ఉంటదేమో."

పాస్టరుగారు కుర్చీలోనుంచి లేచారు. "రెండు దోసిళ్ళా! ఇచ్చినవాళ్ళెవరు?"

"అందరు ఇచ్చిండ్లు. డ్యూటీల ఉన్నోల్లు, రిటైరైనోల్లు. షేర్ ఆటో నడిపేటోడు సుత ఇచ్చిండు."

"ఆటో నడుపుకునే మనిషి దగ్గర కూడానా? బదులుగా ఈయనేం చేశారు?"

"నెత్తిమీద చెయ్యివెట్టి ప్రార్థన జేసిండు."

"ప్రార్థన చేసి బంగారం పుచ్చుకున్నారా!" పాస్టరుగారు తల పట్టుకున్నారు. "ప్రవక్త ఉచితంగా బాగుచేసిన మనిషి వెనకాల పరుగెత్తి, వెండి అడిగి తెచ్చుకొని, కుష్ఠు తగిలించుకున్న సేవకుడి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు కదండీ."

అప్పుడు తెలిసింది సదానందానికి. ఆ యువకుడు బంగారమంటే బంగారమే అనుకుంటున్నాడు. గాజులూ గొలుసులూ రెండు దోసిళ్ళనిండా ఆయన కళ్ళముందు మెరుస్తున్నాయి.

జమ్మి ఆకు. ఆ రెండు మాటలు చెబితే చాలు. అవి సదానందం నాలుక చివరిదాకా వచ్చాయి. అంతలో పాస్టరుగారు అన్నారు:

"విచారణ ముగిసేదాకా ఆయన బల్ల దగ్గర సేవ చెయ్యడం కుదరదు. రేపు మొదటి ఆదివారం కదా, పళ్ళెం మీరు పట్టుకోండి."

ఆ రెండు మాటలు మింగేశాడు సదానందం. "మీ ఇష్టం అయ్యగారూ" అన్నాడు.

ఆ సాయంత్రమే నర్సింగం సదానందం ఇంటికి వచ్చాడు. రాజకుమారి ఛాయ్ ఇచ్చింది. నర్సింగం గ్లాసు ఊదుకుంటూ చెప్పాడు.

"అయ్యగారు మా ఇంటికచ్చిండు బావా. బంగారం తీస్కున్నవా అని అడిగిండు. తీస్కున్న అన్న. దాపెట్టుడెందుకు? ఎవ్వలది వాల్లకు తిరిగిచ్చెయ్ అన్నడు. గదెట్లనయ్యా? ప్రేమతోని వెట్టింది తిరిగిస్తే మొకం మీద కొట్టినట్టు గాదా? ఇయ్యను అని చెప్పిన. పాపం, కండ్లల్ల నీళ్ళు వెట్టుకున్నడు."

సదానందం రాజకుమారిని ఇంకొంచెం చక్కెర అడిగాడు.

"నువ్వు వాక్యం దెలిసినోడివి. నేను తప్పు జేసిన్నా? చెప్పు. జేసిన అంటే వచ్చే యేడు తలుపేసుకుంట."

"చెట్టుకు మొక్కిన ఆకు అది."

"నేను మొక్కలేదు గద. మొక్కినకాడికి పోను సుత పోలె. ఆకిచ్చిన చెయ్యిని పట్టుకున్న, గంతే. యేడాదిల ఒక్కనాడు వాల్లంతట వాల్లు తలకాయ వంచుతరు. ఆ తలకాయ మీద యేసయ్య పేరు వెడ్త. వద్దంటే ఆ తలకాయ మల్ల ఎక్కడ దొరుకుతది?"

"విశ్వాసంల బలహీనులు సూసి ఏమనుకుంటరు? పెద్దనే తీస్కున్నడు, మనం మొక్కితే ఏంది అనుకోరా?"

నర్సింగం గ్లాసు కింద పెట్టాడు. "అది నిజమే బావా. గా మాట నాకు తోచలె. రేపు సంఘంల అందరికి ఇడమర్చి చెప్పాలె." లేచి, గుమ్మం దగ్గర ఆగి నవ్వాడు. "రేపు పళ్ళెం నువ్వు పడ్తున్నవట గద. మంచిగైంది. నీ చేతికెల్లి తాగుత."

ఆయన వెళ్ళిపోయాక సదానందానికి కోపం వచ్చింది. పళ్ళెం పోగొట్టుకొని కూడా ఆ మనిషి ఏమీ పోగొట్టుకోనట్టు నవ్వుతున్నాడు. గెలిచినది తాను. పెద్దగా కనబడుతున్నది మళ్ళీ ఆయనే.

ఆదివారం మందిరం నిండింది. పాటలు, వాక్యం అయ్యాయి. తెల్లని బట్ట పరచిన బల్ల దగ్గర సదానందం పళ్ళెం అందుకున్నాడు. చిన్న గాజుగిన్నెలు అంచుదాకా ఎర్రగా ఉన్నాయి. ఇన్నేళ్ళు ఆశపడిన బరువు చేతుల్లోకి వచ్చింది.

స్త్రీల వైపునుంచి మల్లక్క లేచింది. మనసులో మాట దాచుకోవడం ఆమెకు చేతకాదు. "అయ్యగారూ, నర్సింగం అన్న గద పళ్ళెం పట్టేది? ఏమైంది? పానం బాలేదా?"

పాస్టరుగారికి అబద్ధం రాదు. "చెప్పకూడదనుకున్నానండీ. అడిగారు కనుక చెబుతున్నాను. ఆయన బయటివాళ్ళ దగ్గర బంగారం తీసుకున్నారు. అది నాతో ఒప్పుకున్నారు. తిరిగి ఇమ్మంటే ఇవ్వనన్నారు. పేదవాళ్ళ కష్టార్జితం దగ్గర పెట్టుకున్న చెయ్యి ఈ బల్లను ముట్టకూడదు."

ముందు వరుసలోని ఒకామె చెయ్యి తనకు తెలియకుండానే మెడలోని గొలుసు మీదికి పోయింది. నర్సింగం మెల్లగా లేచాడు. ఆకులో ఎవరి కష్టార్జితం ఉందో ఆయనకు బోధపడలేదు. ఎనభై జతల కళ్ళు ఆయన మీద ఉన్నాయి. ముప్పై ఏళ్ళు చీకటి బావిలో ఎవరి దీపమూ పక్కవాడి ముఖం మీద అంత కఠినంగా పడలేదు. ఆయన ఎవరివైపూ చూడక, సాక్ష్యం చెప్పమన్నట్టుగా సదానందం వైపు చూశాడు.

"అయ్యగారూ," అన్నాడు సదానందం. "నగలు గావు. జమ్మి ఆకు. దసరానాడు పెద్దోల్ల చేతిల వెడ్తరు. ఈడ దాన్నే బంగారం అంటం."

స్త్రీల వైపు నవ్వు మొదలై మందిరమంతా పాకింది. "అయ్యో, మా అయ్యగారూ! గట్లయితే మేమంత జైల్ల ఉండాలె!" అని మల్లక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరుగారి ముఖం సిగ్గుతో ఎర్రబడి, తేలికపడి, చివరికి ఆయనా నవ్వారు. "క్షమించండి నర్సింగంగారూ. మా వైపు ఆ మాట లేదండీ. తప్పు నాది. సదానందంగారు రాసింది నాకే అర్థం కాలేదు."

సదానందానికి తప్పించుకునే తలుపు తెరుచుకుంది. ఊరి మాట, పొరుగూరి చెవి, మధ్యలో పొరపాటు. అందరూ అదే నమ్మారు. ఆ నవ్వులో నిలబడి తానూ నవ్వితే చాలు, పళ్ళెంతో మొదటి వరుసలోకి నడవవచ్చు.

ఆయన పళ్ళెం బల్ల మీద పెట్టాడు.

"అయ్యగారిది తప్పు గాదు," అన్నాడు. "కాయిదం రాసిననాడు నాకు తెల్వది. నిన్న పొద్దున తెలిసింది. అయ్యగారు నగలనుకుంటున్నడని తెలిసి నోరు మూసుకున్న. ఈ పళ్ళెం కోసం మూసుకున్న."

నవ్వు తెగిపోయింది.

"ఆకు తీస్కునుడు తప్పని నేననుకుంట. ఇప్పుడు సుత గదే అనుకుంట. గని నేను కాయిదం రాసింది ఆకు కోసం గాదు. అందరు ఆ ఇంటికి పోయిండ్లు. నా ఇంటికి ఎవ్వలు రాలె. గది సూసి ఓర్వలేకపోయిన."

నర్సింగం ఇంకా నిలబడే ఉన్నాడు. "నిన్న సాయంత్రం మీ ఇంట్ల ఛాయ్ తాగిన గద బావా. అప్పటికి నీకు ఎర్కేనా?"

"ఎర్కే."

"నేను తప్పు జేసిన్నా అని నిన్నే అడిగిన."

"అడిగినవ్."

రాజకుమారి కళ్ళు తుడుచుకుంటున్నది. నర్సింగం అన్నాడు: "ఇయ్యాల నాకు మాట రాదు. బుధవారం ఇంటికి రా. ఆకు సంగతి మాట్లాడుదం, ఇది సుత మాట్లాడుదం. నువ్వు చెప్పేది నేను వింట. నేను తిట్టేది నువ్వు విను."

"అస్త," అన్నాడు సదానందం.

పళ్ళెం పాస్టరుగారే పట్టుకున్నారు. సహోదరునితో సమాధానపడకుండా బల్ల ముట్టరాదని ఎరిగినవాడు గనుక, సదానందం వెనుకకు నడిచి, చివరి బెంచీ మీద, ఆలస్యంగా వచ్చినవారి పక్కన కూర్చున్నాడు. రొట్టె, రసం ఆయన ముందునుంచి సాగిపోయాయి. చేతులు ఖాళీగా ఒడిలో పెట్టుకొని, ఎన్నో ఏళ్ళుగా చెప్పని మాటను ఆయన దేవునికి మొదటిసారి చెప్పడం మొదలుపెట్టాడు.

పండుగ వచ్చినప్పుడు పొరుగువాని చెయ్యి పట్టుకోవాలో వదలాలో తేల్చుకోలేక తడబడే ప్రతి విశ్వాసికీ ప్రభువు తేట మనసును దయచేయుగాక. ఈ కథ విన్నవారి ఇళ్ళలో సమాధానము, చదివినవారి నోట సత్యము, బావుల్లో దిగేవారికి క్షేమము కలుగుగాక. పొరుగింటి వాకిట జనం నిండినప్పుడు సంతోషించగల హృదయాన్ని ఆయన మనకందరికీ అనుగ్రహించుగాక. ఆమేన్.