నెమ్మది గది బయట చెప్పుల స్టాండు

మీరు నన్ను ఎన్నోసార్లు చూసి ఉంటారు గాని ఒక్కసారీ పలకరించి ఉండరు. నేను ఒక చెప్పుల స్టాండుని. ముక్కు మూసుకోనక్కర్లేదు, నా కథ శుభ్రమైనదే.

పెన్నా ఒడ్డున ఒక చిన్న పట్నంలో ఉన్న ఐటిఐలో నేను పుట్టాను. వెల్డింగు నేర్చుకునే పిల్లలు ఇనుప ముక్కలు అతికించి నన్ను పుస్తకాల అరగా చెయ్యబోయారు. అరలన్నీ ఏటవాలుగా వచ్చాయి. పెట్టిన పుస్తకం పెట్టినట్టే జారి కింద పడింది. వెల్డింగు మాస్టరు సుబ్బరాయుడు నా చుట్టూ ఒకసారి తిరిగి చూసి, తాను మొదటినుంచీ చెప్పుల స్టాండు చెయ్యమనే కదా చెప్పింది అన్నాడు. పిల్లలూ అవునవునన్నారు. పని చెడితే దాని పేరు మార్చి హాయిగా ఉండే ఈ గుణం మనుషుల్లో నాకు బాగా నచ్చుతుంది. నేను బతికి బట్టకట్టింది దానివల్లే.

మొదట నన్ను కంప్యూటర్ల గది ముందు నిలబెట్టారు. దుమ్ము పడితే యంత్రాలు పాడవుతాయని పిల్లల చేత చెప్పులు విప్పించేవారు. చెప్పులు విప్పినా యంత్రాలు పాడయ్యాయి. తరువాత హాస్టలు వంటింటికి మోసుకుపోతే, అక్కడి వంటమనిషి నామీద కూరగాయల గంపలు పెట్టాడు. ఆ రోజుల గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. గంపలు ఎవరి కోసమూ దిగులు పడవు.

అప్పుడు కాలేజీకి వసుంధర అనే కొత్త ప్రిన్సిపల్ వచ్చింది. ఆమె వచ్చిన ఏడే కొందరు పిల్లలు పరీక్షల ముందు చెప్పాపెట్టకుండా చదువు మానేసి పోయారు. ఇళ్ళకు కబురు పెట్టి, ఏదైనా కష్టముంటే ఎవరికైనా చెప్పొచ్చు కదా అని అడిగిస్తే, ఎవరికి చెప్పాలని వాళ్ళు ఎదురడిగారు. ఆమెకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మనసు బాగాలేనప్పుడు ఒకరు గుడికి పోతారు, ఒకరు చర్చికి, ఒకరు దర్గాకు. ఇవన్నీ గేటు బయట ఉన్నాయి. గేటేమో సాయంత్రం దాకా తెరవరు. అందుకని గుడి నుంచి, చర్చి నుంచి, మసీదు నుంచి ఒక్కో పెద్దమనిషిని గేటు లోపలికే పిలిపించింది. పూజలకు, ప్రార్థనలకు కాదు, పిల్లల మాట వినడానికి. ఏ బిడ్డ ఏ పెద్దమనిషి దగ్గరైనా కూర్చోవచ్చు, ఎవరూ ఎవరినీ తమ వైపు లాగకూడదు. అదీ ఆమె షరతు.

పాత మోటార్లు పడేసే గది ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, జంఖానా పరిపించింది. గోడకు ఏ పటం తగిలించాలన్న దాని మీద ఒక పూటంతా మాట్లాడుకున్నారు. చివరికి గడియారం తగిలించారు. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. బయట బోర్డు మీద సర్వమత ప్రశాంత మందిరం అని రాయించారు గాని, పిల్లలు దాన్ని నెమ్మది గది అనేవారు. ఆ గది గుమ్మం పక్కన నాకు చోటు దొరికింది. లోపలికి నేను ఎన్నడూ పోలేదు. అయితే వానలకు ఉబ్బిపోయిన ఆ తలుపు పూర్తిగా పడేది కాదు కాబట్టి, నాకు తెలియాల్సినవి తెలిసేవి.

ఇక ఆఫీసువారి తెలివి చూడండి. ఏ మతం పెద్దకు ఆ మతం పవిత్రదినం కేటాయించారు. శనివారం వెంకటేశ్వరస్వామి గుడి అర్చకులు శఠకోపాచార్యులు, శుక్రవారం పేష్ ఇమాం దస్తగిరి సాహెబు, ఆదివారం పాస్టర్ సామ్యేలు. శనివారం ఆచార్యులకు గుడిలో ఊపిరి సలపదు. శుక్రవారం ఇమాంకు మసీదులో నమాజు. పాస్టరు ఆదివారం ఆరాధన త్వరగా ముగించుకొని పరుగున వస్తే కాలేజీకి సెలవు. ఆయన తాళం వేసిన గేటు ముందు కాసేపు నిలబడి, వాచ్‌మన్ యోగక్షేమాలు కనుక్కొని ఇంటికి పోయాడు. ఈ చక్కటి ఏర్పాటు సరిదిద్దుకోవడానికి నెల పట్టింది.

రోజులు మారినా పిల్లలు రాలేదు. పెద్దవాళ్ళు ముగ్గురూ తమతమ రోజుల్లో వచ్చి, లోపల కూర్చొని, గడియారం చూసుకొని పోయేవారు. తమను ఎవరూ నమ్మడం లేదని ముగ్గురికీ లోలోపల మనసు చిన్నబోయింది. కారణం నాకు తెలుసు. నోరు లేదు.

మన వైపు ఎవరింటికి పోయినా తలుపు కొట్టే ముందు గుమ్మంలో చెప్పులు చూస్తాం కదా. ఎవరున్నారు, చుట్టాలు వచ్చారా, ఇప్పుడు పోవచ్చా, తరువాత పోదామా అన్నీ చెప్పులే చెబుతాయి. పిల్లలూ అదే చేసేవారు. ఆచార్యులవి కిర్రుమనే తోలు చెప్పులు. పాస్టరువి అద్దంలా మెరిసే నల్లబూట్లు, వాటిలో మడిచిపెట్టిన మేజోళ్ళు. ఇమాంవి వెనక పట్టీ తెగిన పాత శాండల్స్. పిల్లలు గది దాకా వచ్చి నన్ను చూసేవారు. ఓహో ఈరోజు ఈయనా అనుకొని వచ్చిన దారినే పోయేవారు. నేను చెప్పుల స్టాండుగా కాక కాపలా కుక్కగా పనిచేశానన్నమాట.

అలా తిరిగిపోయే వాళ్ళలో ఓబులేశ్వరి అనే అమ్మాయి మీద నాకు బెంగ పట్టుకుంది. వెల్డింగు రెండో ఏడు. కాళ్ళకు బరువైన సేఫ్టీ బూట్లు. వచ్చి, కూర్చొని, తాళ్ళు విప్పి, బూట్లు నామీద పెట్టేది. అప్పుడు పక్కనున్న పెద్దమనిషి జోళ్ళ మీద చూపు పడేది. మళ్ళీ బూట్లు తొడుక్కొని తాళ్ళు కట్టుకొని పోయేది. అన్ని రోజుల్లోనూ వచ్చింది, అందరి జోళ్ళూ చూసి పోయింది.

ఒకరోజు ఆమె స్నేహితురాలు జరీనా మెట్టు మీద కూర్చోబెట్టి గట్టిగా అడిగితే అప్పుడు బయటపడింది. ఓబులేశ్వరి తల్లి ఈమధ్యే జబ్బుతో పోయింది. ఆమె ఆఖరి రెండేళ్ళూ చర్చికి పోయేది. తండ్రికి అది గిట్టేది కాదు. తల్లి పోయాక తండ్రి వైపువారు తమ పద్ధతిలో దహనం చేశారు. చర్చివాళ్ళు వచ్చి దూరంగా నిలబడి ఒక పాట పాడి పోయారు. ఇప్పుడు ఓబులేశ్వరి మనసులో ఒక ప్రశ్న ఉంది. జరీనాకు కూడా చెప్పలేనిది. అది పెట్టుకొని ఆమె వర్క్‌షాపులో నిలవలేకపోతోంది, అన్నం తినలేకపోతోంది. చదువు మానేసి ఇంటికి పోతానని తండ్రికి చెప్పేసింది. అడిగితే ఎవరిని అడగాలి? మీ అమ్మ గుడి వదిలి పోయింది కదా అని ఆచార్యులు అంటాడేమో. మీరు చర్చికి రారు కదా అని పాస్టరు అంటాడేమో. సాహెబుకైతే తన గోడు ఎందుకు పట్టాలి? వాళ్ళు అంటారో అనరో తెలియకుండానే ముగ్గురి చేతా అనిపించేసుకుంది పిచ్చితల్లి.

కథ మలుపు తిరిగింది పాస్టరు గారి బూటు వల్ల. ఒక గురువారం దారిలో ఆయన బూటు అడుగు ఊడి నోరు తెరిచింది. ఆయన పక్క కొట్టులో నీలం పట్టీల హవాయి చెప్పులు కొనుక్కొని వచ్చి కూర్చున్నాడు. ఆరోజు ఇద్దరు పిల్లలు తలుపు తోసుకొని లోపలికి పోయారు. లోపల ఎవరో తమలాంటి పిల్లవాడే ఉన్నాడనుకున్నారు. పాస్టరును చూసి కంగారుపడ్డారు గాని, వచ్చాక వెనక్కి పోవడం మర్యాద కాదని కూర్చున్నారు. కూర్చున్నాక మాట కలిసింది. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని ఆయన అడిగితే, చెప్పుల సంగతి చెప్పేశారు.

మర్నాడు సాయంత్రం పెద్దవాళ్ళు ముగ్గురూ నా ముందే నిలబడి మాట్లాడుకున్నారు. ఆచార్యులు తన కిర్రు చెప్పులను చాలాసేపు చూసుకున్నాడు. ఆ చప్పుడు వింటేనే భక్తులు దారి ఇస్తారు మరి. చివరికి నిట్టూర్చి, ఇక్కడ దారి ఇవ్వడం తమ వంతేమో అన్నాడు. మిగతా ఇద్దరూ అదే కొట్టులో అవే నీలం పట్టీల హవాయి చెప్పులు కొన్నారు.

తరువాత జరిగింది చెబితే నవ్వుతారు. ముగ్గురూ కలిసి టీ తాగిన రోజుల్లో ఎవరి చెప్పులు ఎవరు తొడుక్కుపోయేవారో ఆ దేవుళ్ళకే తెలియాలి. ఒకసారి ఆచార్యులు ఎడమకాలికి పాస్టరుదీ కుడికాలికి ఇమాందీ వేసుకొని నేరుగా గుడికి పోయాడు. గుడి బయటే విప్పాడు కాబట్టి పెరుమాళ్ళకు ఇబ్బంది కలగలేదు. పిల్లలు మాత్రం మెల్లమెల్లగా రావడం మొదలుపెట్టారు.

ఒకరోజు ఓబులేశ్వరి కూడా వచ్చింది. ఆరోజు మధ్యాహ్నం బస్సుకు తండ్రి వస్తాడు, టీసీ తీసుకొని ఇద్దరూ ఊరికి పోతారు. అదే ఆఖరు. బూట్లు విప్పి నామీద పెట్టి పక్కన చూసింది. నీలం పట్టీల చెప్పులు. ఎవరివో పోల్చుకోలేక వాటిని అలా చూస్తూనే నిలబడింది. నాకు చేతులుంటే వెనకనుంచి తోసి ఉండేదాన్ని. చివరికి తనే తలుపు తోసింది.

లోపల దస్తగిరి సాహెబు ఉన్నాడు. గుమ్మంలోనే ఆగిపోయి, తాను ఆయన మనిషి కాదని ఏదో గొణిగింది. తనూ ఆమెకు తెలిసిన మనిషి కాడని, తెలియని మనిషి దగ్గర మాట్లాడటమే సులువని ఆయన అన్నాడు. జంఖానా మీద ఆమె కూర్చున్న చప్పుడు వినిపించింది.

"సార్, ఒకటి అడగాల. తప్పయితే తిట్టండి."

"అడుగు మా."

"మా అమ్మ పోయి నెల కూడా కాలేదు సార్, నేను నవ్వినా. ఊరికే కాదు, కడుపు పట్టుకొని నవ్వినా. అమ్మ యాడుందో నాకు తెలీదు. ఆమెకు నా నవ్వు వినపడింటే?"

ఇన్నాళ్ళూ ఆమె గుండెలో ఉన్నది అది. నా ఇనుము కూడా బరువెక్కింది.

సాహెబు శాస్త్రం ఏదీ ఎత్తలేదు. ఎందుకు నవ్వావని అడిగాడు. ఆమె చెప్పింది. సుబ్బరాయుడు మాస్టరు వెల్డింగు చేస్తూ చేస్తూ టీ వచ్చిందని చెయ్యి చాచాడట. ముఖానికి షీల్డు ఉన్న సంగతి మరిచిపోయి గ్లాసు ఎత్తాడట. టీ అంతా షీల్డు మీంచి కారి చొక్కా మీద పడితే, ఈ టీకి రుచే లేదన్నాడట.

లోపల దగ్గులాంటిది వినబడింది. సాహెబు ఆపుకోవడానికి చూశాడు, ఆగలేదు. ఆ పెద్దమనిషి నవ్వుతుంటే ఆమెకూ వచ్చింది. ఇద్దరూ కలిసి నవ్వారు. ఆ నవ్వులోంచే ఆమెకు ఏడుపు వచ్చింది. చాలాసేపు ఏడ్చింది. ఆయన ఊరుకోమనలేదు.

"మీ అమ్మే ఉండింటే ఈ మాట విని ఏం చేసిండేది?" అని మెల్లగా అడిగాడు.

"నవ్విండేది సార్. మొదలుపెడితే ఆపేది కాదు."

"అయితే వినపడనీలే మా."

అంతే. ఆమె బయటికి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు, ముందు ఏముందో కనబడని స్థితి. నామీద చేతికి అందింది కిందికి లాగి కాళ్ళు దూర్చి నడిచిపోయింది. అవి సాహెబు హవాయి చెప్పులు. ఆ గది దగ్గర ఎడమకు తిరిగితే ఆఫీసు, కుడికి తిరిగితే వర్క్‌షాపు. ఆమె కుడికి తిరిగింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

సాహెబు బయటికొచ్చి చూస్తే సేఫ్టీ బూట్లు తప్ప ఏమీ లేవు. ఆయన వాటిని చూసి చిన్నగా నవ్వుకొని వట్టికాళ్ళతో మెట్టు మీద కూర్చున్నాడు. అంతలో పంచె మోకాళ్ళదాకా మడిచి కట్టిన ఒక రైతు వచ్చి ఆఫీసు ఎటని అడిగాడు. వెల్డింగు చదివే తన కూతురు ఓబులేశ్వరికి టీసీ తీసుకోవాలన్నాడు.

సాహెబు బూట్ల వైపు చూపించాడు. "ఆ పాప బూట్లు ఈన్నే ఉండాయి. నా చెప్పులేసుకొని పనిలోకి పోయింది. కూచో అన్నా, వస్తాది."

ఆ తండ్రికి ఏమీ అర్థం కాలేదు. ఆ వట్టికాళ్ళ పెద్దమనిషి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి ఓబులేశ్వరి హవాయి చెప్పులు టపటపలాడించుకుంటూ పరుగెత్తుకొచ్చింది. తండ్రిని చూసి ఆగింది. అతను ఆమె ముఖం చూసి లేచి నిలబడ్డాడు.

"నాయనా, నేను రాను. బూట్లు లేకుంటే మాస్టరు లోపలికి రానీడంట. వాటికోసరం వచ్చినా."

తండ్రి కూతుర్ని చాలాసేపు చూశాడు. తరువాత నా దగ్గరికి వచ్చి, తన చేత్తో ఆ బూట్లు తీసి ఆమె కాళ్ళ ముందు పెట్టాడు. అర్చకుల చెప్పులు మోశాను, పాస్టరు బూట్లు మోశాను, ఇమాం శాండల్స్ మోశాను. నామీది నుంచి తీసిన జోళ్ళలో అంత జాగ్రత్తగా తీసిన జత మరొకటి నాకు తెలియదు.

ఈమధ్య వసుంధర గారికి ఇంకో ఆలోచన వచ్చింది. తలుపులున్న చెక్క బీరువా తెప్పిస్తే ఎవరి చెప్పులూ ఎవరికీ కనబడవు కదా అని. మంచి ఆలోచనే, మనుషులకు తలుపు గుర్తుకు రావడానికి ఇంత కాలం పట్టడమే విడ్డూరం. బీరువా వచ్చింది. నన్ను వర్క్‌షాపు బయట మూల తుక్కు గుట్ట మీదికి చేర్చారు. త్వరలో కోసి కొత్త పిల్లలకు అతకడం నేర్చుకోవడానికి ఇస్తారట. ఇవ్వనీయండి, నాకు చింత లేదు. ఈసారి ఏం చెయ్యబోయి ఏం చేస్తారో చూడాలని సరదాగానే ఉంది.

ఇక్కడి నుంచి లోపలివాళ్ళు కనబడరు, మాటలు మాత్రం వినబడతాయి. ఇందాక టీ వేళ సుబ్బరాయుడు మాస్టరు ఏదో అన్నాడు. నాకు సరిగ్గా వినబడలేదు. ఓబులేశ్వరి మాత్రం గట్టిగా నవ్వింది, చాలాసేపు ఆపలేదు.