బాలలక్ష్మి చెక్కిన సముద్రం

బాలలక్ష్మి జొన్నరొట్టె కొడుతుంటే మొగుడు రామచంద్రం వచ్చి కర్రదిమ్మెను పొయ్యి పక్కన దభీమని పడేశాడు. కరీంనగర్ అచ్చాఫీసువాళ్లు పిల్లల కథల పుస్తకానికి తుఫాను సముద్రం బొమ్మ అడిగారు. ఒక్కడే చెక్కి తీసుకుపోతే అక్కడి ఓనరు అంతయ్య అచ్చు తీసి చూసి, "గిది సముద్రమా, దున్నిన చెల్కనా?" అని నలుగురిలో నవ్వాడట.

బాలలక్ష్మికీ నవ్వొచ్చింది, ఆపుకుంది. పెళ్లయిన నాటి నుంచీ ఆయన బొమ్మ గీస్తే, వంటా అంట్లూ అయ్యాక కూర్చుని వెలుగునీడలు చెక్కింది ఆమే. మూలన పేరు మాత్రం ఆయనదే పడేది. ఈ సముద్రం పని వచ్చిన రోజు, "నా పేరు గూడ ఎయ్యరాదూ?" అని అడిగింది. "ఆడిదాని పేరు జూస్తే పని ఎవడిస్తడు? నువ్వు లేకుంటే నాకు నడ్వదా?" అన్నాడు. నడిపి చూపించాడు మరి.

పిండి చేతులతోనే దిమ్మెను వెలుతురుకు తిప్పింది. చెక్కిన చోటు అచ్చులో తెల్లగా పడుతుంది, వదిలిన చోటే నలుపు. ఈయన అలలన్నీ ఒకే వరుసన చెక్కి, ఆకాశమంతా గీకేశాడు. చీకటే మిగల్చకపోతే తుఫాను ఎక్కడినుంచి వస్తుంది?

"కొత్త దిమ్మె తెచ్చిన. జర నువ్వు చెక్కు" అన్నాడు, గోడకేసి చూస్తూ.

"చెక్కుత. కింద నా పేరే ఉంటది."

ఆయన కొత్త దిమ్మెను ఆమె ముందుకు జరిపాడు. ఆమె పొయ్యి ఆర్పేసింది.

"మరి రొట్టెలు?"

"పిండి ఆడ్నే ఉన్నది."

సముద్రం ఆమె ఎన్నడూ చూడలేదు. ధర్మపురిలో పొంగిన గోదావరిని చూసింది. నీళ్లు విరిగే అంచునే తెలుపు, కిందంతా నలుపు. ఆ నలుపును ముట్టుకోకుండా వదిలేసింది. అల అంచున సన్నటి గీతలు, నురుగుకు ఉలిమొనతో చుక్కలు, వానకు ఏటవాలు గీరలు, అలల నడుమ ఒరిగిన ఓడ. చేతికి నీటి తడి తగులుతున్నట్టే ఉంది, ఒళ్లంతా సంతోషం. ఆడవాళ్లు ఉలి పడితే ఇంటికి అరిష్టమని అత్త ఐలవ్వ అన్న మాటలు గుర్తొచ్చాయి. ఇన్నేళ్లూ ఆ అరిష్టమే అందరికీ అన్నం పెట్టింది. చివరికి ఓడ కింది చీకట్లో అచ్చులో సరిగ్గా పడేలా తన పేరును తిరగేసి చెక్కింది.

దిమ్మె పట్టుకుని అచ్చాఫీసుకు తనూ వెళ్లింది. అంతయ్య సిరా పూసి అచ్చు తీశాడు. ఆ కాగితాన్ని చాలాసేపు కింద పెట్టలేదు.

"ఇగో, గిదీ తుఫానంటే. రామచంద్రం, గీ బాలలక్ష్మి ఎవలు?"

రామచంద్రం నోరు తెరిచేలోపే ఆమె ముందుకొచ్చింది.

"నేనే. ఇగ బొమ్మ కావాల్నంటే నాతోని మాట్లాడుండ్రి."