ఆరు నుంచి ఏడు

లీదియా ఆ మీట నొక్కినప్పుడు పొయ్యి మీద ఇడ్లీ ఉడుకుతోంది. ఉదయం ఆరు గంటలు. ఫోనులో గేటు యాప్ మోగింది. కింద గేటు దగ్గరికి రామ్మోహనరావు అనే ఆయన వచ్చాడట, పంతొమ్మిదో అంతస్తుకి పంపాలా వద్దా అని అడుగుతోంది. ఆ పేరుగల మనిషెవరూ ఆమెకి తెలియదు.

కోకాపేట టవర్లలో ఇదొక గోల. పాలవాడొచ్చినా ఫోనే, పక్కింటి పార్సిల్ పొరపాటున మన పేరున వచ్చినా ఫోనే. మనిషి తలుపు కొట్టి "ఏమండీ" అని పిలిచే రోజులు అక్కడ లేవు. కింద గుర్తింపు కార్డో కాగితమో చూపించి ప్రాధేయపడినా లాభం లేదు, పైనుంచి ఎవరో ఒకరు సరే అని నొక్కాలి. లేదంటే దేవుడొచ్చినా గేటు బయటే.

లోపలి గదిలో ఆమె కూతురు ప్రిస్కిల్లా పడుకుని ఉంది. ముందు రోజు సాయంత్రమే బెంగళూరులో టెన్నిస్ టోర్నమెంటు ఆడి, నూట రెండు జ్వరంతో ఇంటికొచ్చి పడింది. లీదియా ఇరవై ఆరేళ్లుగా స్టాఫ్ నర్సు. మందుల వేళకి వార్డులో ఎంతమందిని నిద్ర లేపిందో లెక్కలేదు గానీ, సొంత కూతుర్ని లేపడానికి మాత్రం మనసొప్పలేదు. ఇంటర్‌కమ్ మోగితే పిల్ల ఉలిక్కిపడుతుందని రిసీవరు తీసి పక్కన పెట్టేసింది కూడా. ఫోనులో 'వద్దు' అని నొక్కి, ఇడ్లీ దింపి, బాక్సు కట్టుకుని వెనక గేటు గుండా ఏడింటి డ్యూటీకి వెళ్లిపోయింది. అంతే జరిగింది.

సాయంత్రం గేటు దగ్గర కాపలా ఉండే నరేందర్ ఆమెని ఆపాడు. నానక్‌రామ్‌గూడవాడు, ఆ టవర్లు లేని రోజుల నుంచీ అక్కడే ఉన్నవాడు.

"అమ్మా, పొద్దుగాల ఒకాయన వచ్చిండు. మీరు వద్దంటిరి గద, నేనేం జేస్త? గంటసేపు గీ కుర్సీలనే కూసున్నడు. ఏడు కాంగనే ఏందో రాసుకొని పోయిండు. జర కనుక్కోండ్రి."

ఎవరో ఇన్సూరెన్సు ఆయన అయి ఉంటాడని లీదియా అనుకుంది. కనుక్కోలేదు.

వారం తరవాత ప్రిస్కిల్లాకి ఉత్తరం వచ్చింది. పేరున్న క్రీడాకారులు నిషేధించిన మందులేవీ వాడడం లేదని తేల్చడానికి, చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చి పరీక్ష చేసే పద్ధతొకటి ఉంది. ఏడాది పొడుగునా, రోజుకొక గంట, తాను ఫలానా చోట ఉంటానని ఆటగాళ్లు ముందే రాసివ్వాలి. ఆ గంటలో వాళ్లొస్తే కనబడాలి. పన్నెండు నెలల్లో మూడుసార్లు కనబడకపోతే, ఒంట్లో మందు ఉన్నా లేకపోయినా శిక్ష ఒకటే. ఆట నుంచి రెండేళ్ల దాకా నిషేధం.

ప్రిస్కిల్లా రాసిచ్చిన గంట ఆరు నుంచి ఏడు.

టోర్నమెంట్లలో మూత్రం పట్టమని సీసాలు చేతికిచ్చి పరీక్ష చేస్తారని లీదియాకి తెలుసు గానీ, ఇంటికి కూడా వస్తారని తెలియదు. తెలిసే అవకాశం ఏదీ? ర్యాంకు మూడువందల లోపలికి వచ్చాక, ఆ జనవరిలోనే ప్రిస్కిల్లా పేరు ఆ జాబితాకెక్కింది. ఎక్కిన సంగతి తల్లికి చెప్పనేలేదు.

"ఇది మూడోది మమ్మీ" అంది ప్రిస్కిల్లా, ఉత్తరం మడిచి ఒళ్లో పెట్టుకుని.

మొదటిసారి పుణె నుంచి విమానం ఆలస్యమై, ఊరు మారిన సంగతి రాయడం మరిచిపోయింది. రెండోసారి ఈస్టరుకి ముందొచ్చే శ్రమకాల దినాల్లో. నలభై రోజులూ తెల్లవారుజామున ప్రార్థనకి రమ్మని లీదియాయే పట్టుబట్టింది. తల్లి మాట కాదనలేక ప్రిస్కిల్లా ఒక్కరోజు వెళ్లింది. ఆ ఒక్కరోజే వాళ్లొచ్చారు. వచ్చారని చెబితే మమ్మీ జన్మలో గుడిలో తల ఎత్తుకోలేదని ఆ పిల్ల కడుపులోనే దాచుకుంది.

"నేనే వద్దని నొక్కాను తల్లీ. నా చేత్తో నేనే."

"తెలుసు. ఆ యాప్‌లో నీ పేరే ఉంది" అంది ప్రిస్కిల్లా. నాలుగు మాటలు తిట్టినా బాగుండేదని లీదియాకి అనిపించింది.

ఆ పిల్ల వయసు ఇరవై ఏడు. ఏడో ఏట రాకెట్ పట్టింది. తండ్రి ఇశ్రాయేలు బతికున్నన్నాళ్లూ లింగంపల్లి నుంచి రోజూ చీకటితోనే స్కూటరు మీద కోర్టుకి తీసుకెళ్లేవాడు. ఆయన పోయాక కూడా ఆట ఆగలేదు. ఒక్కతే రైళ్లలో, బస్సుల్లో తిరిగి, పేరు పలకడం రాని ఊళ్లలో ఆడి, ఓడి, మడమ బెణికి, మళ్లీ ఆడి, ఇన్నేళ్లకి ర్యాంకు రెండువందల ఇరవై ఒకటికి తెచ్చుకుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ స్పాన్సర్‌గా వచ్చి ఈ ఫ్లాట్ ఇచ్చింది. వచ్చే జనవరిలో మొదటిసారి గ్రాండ్‌స్లామ్ క్వాలిఫయింగ్ పోటీల్లో ఆమె పేరు ఉంటుంది. ఇరవై ఏళ్ల కష్టం ఆ ఒక్క పేరు కోసం. సరిగ్గా అప్పుడే, తల్లి వేలు ఒక మీట మీద పడింది.

వాళ్ల తరఫు లాయరు సంధ్య ఆఫీసు మాదాపూర్‌లో. కుర్రపిల్లే గానీ చురుకైనది. కాగితాలన్నీ చదివి, ప్రిస్కిల్లా ప్రాక్టీసులో ఉన్న వేళ లీదియాని ఒక్కదాన్నే పిలిపించింది. మొదటి రెండూ ఎలాగూ పోయినట్టేనని, మిగిలింది మూడోదేనని చెప్పింది. ఆ గంటలో ఎవరొచ్చినా పైకి పంపాలని ప్రిస్కిల్లా ఇంట్లో ముందే గట్టిగా చెప్పి ఉంటే, ఆమె జాగ్రత్త ఆమె తీసుకున్నట్టు. తల్లి తనంతట తాను పొరపాటు చేసినట్టు. అప్పుడు మూడోది లెక్కలోంచి తీసేయమని వాదించవచ్చు. చెప్పి ఉండకపోతే తప్పు ప్రిస్కిల్లాదే అవుతుంది.

"కాబట్టి కేసంతా ఒక్క ప్రశ్న మీదుంది ఆంటీ. మీకు ముందే చెప్పిందా?"

లీదియా ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"చెప్పిందమ్మా. వందసార్లు చెప్పింది. నేనే మర్చిపోయాను."

సంధ్య రాసుకుంది. టైపు చేసిన కాగితం మీద లీదియా సంతకం పెట్టింది. ఆదివారం స్కూల్లో పిల్లలకి పదేళ్లు పాఠాలు చెప్పిన మనిషి, కూతురు పక్కవాళ్ల పెన్సిలు తెచ్చుకున్నా తిప్పి పంపించే మనిషి, రెండోసారి చదవకుండానే పెట్టింది. ఆ రాత్రి ప్రార్థనకి మోకరించింది గానీ మాటలు రాలేదు. లేచి పడుకుంది.

ఆ కాగితం ప్రిస్కిల్లా కూడా చదివింది. చదివి బల్ల మీద పెట్టింది. తల్లి ఆమె ముఖంలోకి చూసింది, ఆమె కిటికీలోంచి అవుటర్ రింగ్ రోడ్డు వైపు చూసింది. పది రోజులు ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ప్రిస్కిల్లా రోజూ ప్రాక్టీసుకి వెళ్లి వచ్చింది. ఆ పిల్లకీ ఆడాలని ఉండదా మరి? ఉంటుంది. ప్రాణం పోయేంత ఉంటుంది.

ఆ పది రోజులూ లీదియాని వెంటాడింది విజయవాడ.

ప్రిస్కిల్లాకి అప్పుడు పదకొండేళ్లు. పన్నెండేళ్లలోపు పిల్లల పోటీ, సెమీఫైనల్. ఆ వయసు ఆటల్లో అంపైరు ఉండడు. తన వైపు పడిన బంతి గీత లోపల పడిందో బయట పడిందో పిల్లలే చెప్పాలి. చూసింది చెప్పాలి, అవతలి పిల్ల నమ్మాలి. ఆట మొత్తం ఆ నమ్మకం మీదే నడుస్తుంది. ఇంకొక్క పాయింటు వస్తే ప్రిస్కిల్లా ఫైనల్‌కి వెళుతుంది. అవతలి పిల్ల కొట్టిన బంతి గీత మీద పడింది. ప్రిస్కిల్లా వేలెత్తి బయట అంది. అవతలి పిల్ల నమ్మి, కళ్లు తుడుచుకుంటూ చెయ్యి కలపడానికి వస్తోంది.

కంచె బయట నిలబడ్డ లీదియా చూసింది. ఉండబట్టలేక అడిగింది.

"ప్రిస్కీ, బంతి ఎక్కడ పడింది?"

చూసేవాళ్లు నోరెత్తకూడదన్నది నియమం. అందరూ ఆమె వంక కోపంగా చూశారు. పిల్ల ముఖం ఎర్రబడింది. కాసేపు తన బూట్ల వంకే చూసుకుని, "లోపలే పడింది మమ్మీ" అంది. వెళ్లి పాయింటు అవతలి పిల్లకి ఇచ్చేసింది. ఆ పాయింటుతో పాటు ఆటా పోయింది. రైల్లో లింగంపల్లి దాకా ఏడుస్తూనే ఉంది. ఇశ్రాయేలు భార్యతో రెండు రోజులు మాట్లాడలేదు. అయినా లీదియా తాను చేసింది తప్పని ఏనాడూ అనుకోలేదు. గర్వపడింది కూడా. సంఘంలో ఆడవాళ్లకి ఎన్నిసార్లు చెప్పుకుందో.

ఇప్పుడు ఆ గర్వం తలుచుకుంటేనే సిగ్గేసింది.

విచారణ డిసెంబరు మొదటి వారంలో, సంధ్య ఆఫీసులోనే, లాప్‌టాప్‌లో. అవతల ముగ్గురు పెద్దలు, ఇవతల వీళ్లు ముగ్గురు. ఆవేళ పరీక్షకని గేటు దాకా వచ్చిన రామ్మోహనరావు కూడా ఇంకో మూల చిన్న చదరంలో కనబడ్డాడు. నెరిసిన జుట్టు, నీరసమైన ముఖం. ఈయన్ని ఒక్కసారి పైకి రానిచ్చి మంచినీళ్లిస్తే సరిపోయేదని లీదియా అనుకుంది. ఆయన మర్యాదగానే చెప్పాడు. గంటసేపు గేటు దగ్గరే ఉన్నానని, ఆఖరి ఐదు నిమిషాల్లో ప్రిస్కిల్లా ఫోనుకి చేశానని, మోగి ఆగిపోయిందని.

తరవాత లీదియా వంతు. ముగ్గురిలో ఒకాయనకి తెలుగు వచ్చు. ఆయనే అడిగాడు.

"లీదియాగారూ, ఆరు నుంచి ఏడు మధ్య ఎవరొచ్చినా పంపాలని మీ అమ్మాయి మీకు ముందు చెప్పిందా?"

"చెప్పిందండి."

"ఎప్పుడు చెప్పింది? ఏమని చెప్పింది? మీ మాటల్లో చెప్పండి, తొందరేం లేదు."

లీదియా నోరు తెరిచింది. ఇంటి దగ్గర అద్దం ముందు వల్లించిన మాటలు ఒక్కటీ రాలేదు. సంధ్య కళ్లతోనే, చెప్పండి ఆంటీ అంటోంది. ఇంకొక్క అబద్ధం, అంతే. జనవరిలో పిల్ల విమానం ఎక్కుతుంది.

"అదండీ... మొన్న ఫిబ్రవరిలో అనుకుంటానండి..."

బల్ల కింద ప్రిస్కిల్లా చెయ్యి వచ్చి తల్లి చేతిని పట్టుకుంది. రాకెట్ పట్టి పట్టి కాయలు కాసిన అరచెయ్యి, గరుగ్గా, వేడిగా.

"మమ్మీ" అంది మెల్లగా. "బంతి ఎక్కడ పడింది?"

తెరలోని ముగ్గురికీ ఏమీ అర్థం కాలేదు. సంధ్యకీ కాలేదు. లీదియాకి మాత్రం కోర్టు, కంచె, ఎండ, పదకొండేళ్ల పిల్ల ఎర్రబడ్డ ముఖం, అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. ఆవేళ అడగడం ఎంత తేలికో, చెప్పడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది. పదహారేళ్లు ఆలస్యంగా తెలిసింది. కూతురి ముఖంలోకి చూసింది. అందులో కోపం లేదు. ఆవేళ తనకి దొరకనిదేదో ఆ పిల్ల ఇవాళ తల్లికి ఇస్తోంది, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని.

"లోపలే పడిందమ్మా" అంది లీదియా.

అని తెర వైపు తిరిగింది. "నాకు చెప్పలేదండి. నేను బాధపడతానని దానికి భయం. సంతకం పెట్టిన కాగితంలో ఉన్నది అబద్ధం. మా అమ్మాయి చెప్పమనలేదు, నేనే చెప్పాను. నన్ను క్షమించండి."

సంధ్య పెన్ను బల్ల మీద పడేసింది.

పద్దెనిమిది నెలల నిషేధం. తల్లి దాచకుండా చెప్పడం వల్ల ఆరు నెలలు తగ్గించామని తీర్పులో రాశారు. జనవరి పోటీల జాబితాలోంచి ప్రిస్కిల్లా పేరు తీసేశారు. కొన్నాళ్లకి ర్యాంకు పట్టికలో ఎంత కిందికి వెతికినా ఆమె పేరు లేదు. కంపెనీవాళ్లు ఎంతో విచారం తెలియజేస్తూ, నెల తిరగకుండా ఫ్లాట్ ఖాళీ చేయమన్నారు. సామాను బండి గేటు దాటుతుంటే నరేందర్ దగ్గరికొచ్చి, "నాదే తప్పనిపిస్తది అమ్మా, మీద దాకా నేనే తోల్కొస్తే అయిపోతుండె" అన్నాడు. ఇందులో నీ తప్పేముందయ్యా అని లీదియా అతని భుజం తట్టింది. తప్పు మోయడానికి ఎంతమంది ముందుకొచ్చినా, దాన్ని అనుభవించేది మాత్రం ఆ పిల్ల ఒక్కతే.

లింగంపల్లిలో రెండో అంతస్తులో ఒక పోర్షన్ కిరాయికి తీసుకున్నారు. లిఫ్టు లేదు, గేటుకి గొళ్లెం కూడా సరిగా పడదు. ప్రిస్కిల్లా ఇక ఆట మానేసి ఏదైనా ఉద్యోగం చూసుకుంటుందని చుట్టాలు తేల్చేశారు. ఆ పిల్ల మాత్రం పొద్దున్నా సాయంత్రం రైల్వే ట్రాక్ పక్క రోడ్డు మీద పరుగెత్తింది. కోర్టులోకి రానివ్వరు కాబట్టి మేడ మీద నీళ్ల ట్యాంకు గోడకేసి బంతి కొట్టింది. కింది ఇంటివాళ్లు గొణిగితే చప్పుడు కాకుండా పాత బంతులతో కొట్టింది.

ఒకరోజు ఫోనులో ఏదో రాస్తుంటే లీదియా చూసింది. ఇంటి చిరునామా, తలుపు నంబరు. గంట: ఆరు నుంచి ఏడు.

"ఇంకా ఎందుకే ఇది?" అని అడిగింది.

"మళ్లీ ఆడాలంటే, నిషేధం ఉన్నన్నాళ్లూ వాళ్లు ఎప్పుడొచ్చినా దొరకాలి మమ్మీ" అంది ప్రిస్కిల్లా. "ఈసారి చెబుతున్నాను, విను. ఆరు నుంచి ఏడు మధ్య ఎవరొచ్చినా తలుపు తియ్యాలి. నేను నిద్రపోతుంటే లేపాలి."

మర్నాడే లీదియా మేట్రన్ దగ్గరికెళ్లి, మధ్యాహ్నం డ్యూటీ వేయించుకుంది.

ఫిబ్రవరిలో ఒకరోజు, ఆరున్నర కావస్తుండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఎవరో ఆయాసపడుతూ ఎక్కుతున్నారు. ముందు రాత్రి నుంచీ ప్రిస్కిల్లాకి జ్వరం. అప్పుడే చెమట పట్టి నిద్రలోకి జారుకుంది. తలుపు కొట్టిన చప్పుడు ఒక్కసారే వినబడింది, రెండోసారి కొట్టేలోపు లీదియా తలుపు తీసింది. సంచీ భుజాన వేసుకుని రామ్మోహనరావు నిలబడి ఉన్నాడు. ఆమెని చూసి కొంచెం తడబడ్డాడు.

"ఉందండి, రండి. కూర్చోండి" అంది లీదియా. ఆయనకి మంచినీళ్లిచ్చింది.

లోపలికి వెళ్లి, కూతురి నుదురు మీద చెయ్యి వేసి చూసింది. ఇంకా వెచ్చగానే ఉంది. పిల్ల నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నప్పుడు రైల్లో పడుకున్నట్టే పడుకుంది. లీదియా ఒక్క క్షణం ఆగి, భుజం పట్టుకుని లేపింది.