చెల్లెలి పెళ్లికి అరగంట ప్రయాణం

టికెట్టు మీద బయలుదేరేది ఉదయం తొమ్మిది పది, చేరేది తొమ్మిది నలభై అని ఉంది. అది చూశాకే అత్తగారు విమానం ఎక్కడానికి ఒప్పుకుంది.

"అరగంటేగా. కళ్లు మూసి తెరిచేలోగా దిగిపోతాం," అంది.

లిఫ్టుకి భయపడి ఎన్ని అంతస్తులైనా మెట్లెక్కే మనిషి ఆమె. కానీ యాభై రెండేళ్లకి చెల్లెలు పెళ్లి చేసుకుంటోంది. రేపే, పన్నెండింటికి. బస్సులో వెళ్తే రెండు రోజులు.

అల్లుడు పనిచేసేది విమాన టికెట్ల ఆఫీసులో. తమ ఊరికీ పెళ్లి జరిగే ఊరికీ మధ్య పద్దెనిమిది వందల కిలోమీటర్లని, ప్రయాణం రెండున్నర గంటలని, అక్కడి గడియారాలు మనకంటే రెండు గంటలు వెనక అని అతనికి తెలుసు. "మీరు నోరు విప్పారో, అమ్మ కదలదు," అంది భార్య. వారం రోజులుగా విప్పలేదు. కానీ రేపు గాల్లో అరగంట దాటాక, ఇంకా దించరేమని ఆవిడ సీట్లోంచి లేస్తే?

సాయంత్రం కుట్టుగదిలోకి వెళ్లాడు. అత్తగారు మిషన్ మీద పెళ్లికొడుకు కోటు కుడుతోంది.

"అత్తయ్యా, ఒక మాట."

"చెప్పండి అల్లుడుగారూ. టికెట్లు పారేసుకున్న మొహం పెట్టారేమిటి?"

చెప్పాడు. ఆమె మిషన్ ఆపింది.

"తెలిసే వారం నుంచీ ఊరుకున్నారా?"

"ఊరుకున్నాను."

"నా కూతురు చెప్పనివ్వలేదా?"

అతను తలుపు వైపు చూశాడు. తలుపు వెనక గాజుల చప్పుడైంది.

"సరే. పెళ్లి పన్నెండింటికన్నారు. ఎవరి పన్నెండు?"

"వాళ్ల పన్నెండు. మనకి అప్పుడు రెండు."

ఆమె వేళ్లు ముడిచి లెక్క చూసుకుంది.

"నయం, చెప్పారు! మన పన్నెండే అనుకుని చస్తున్నాను, రెండు గంటలు కలిసొచ్చాయి. కొలతలు మొన్న పంపారు మహానుభావులు. లైనింగుకి చేతికుట్టు మిగిలింది, గుండీలు మిగిలాయి. అక్కడ దిగాక చుట్టాలు కుట్టనిస్తారా? విమానంలో సూది పట్టుకోనిస్తారా?"

"సూది పర్వాలేదు. కత్తెర మాత్రం పెట్టెలో వెయ్యాలి."

"దారం పళ్లతో కొరుక్కుంటాలే."

కూతురు లోపలికొచ్చింది. "రెండున్నర గంటలమ్మా! భయం వెయ్యదూ?"

"అరగంట ఊరికే కూర్చోమంటే భయమే. చేతిలో పనుంటే నా పక్కన ఎవరున్నారో కూడా చూడను. అల్లుడుగారూ, నాకు కిటికీ సీటు ఇప్పించండి."

"కిటికీయా?"

"కిందికి చూడ్డానికి కాదు. వెలుతురుకి."

అతను నవ్వాడు. ఎలాగూ నోరు విప్పాను కదా అని మిగతాది కూడా చెప్పేశాడు. "తిరిగొచ్చేటప్పుడు ఆ రెండు గంటలూ మళ్లీ లాగేసుకుంటారు అత్తయ్యా."

"లాక్కోనివ్వండి. అప్పటికి కోటు ఆయన ఒంటి మీద ఉంటుంది," అని ఆమె మళ్లీ మిషన్ తొక్కసాగింది.