బస్ అన్నవాడు

జోజి కుడిచెయ్యి గాలిలో ఉంది. అది దిగేదాకా ఓడ మీద ఎవరూ అతన్ని పలకరించరు. సరుకు గోతి నోరు, తెరిచిన హేచ్ అంచున, మోకాలెత్తు ఇనప గట్టుకు కాళ్ళానించి, మెడ ముందుకు సాచి, అతను ఓడ కడుపులోకి చూస్తున్నాడు. అడుగున, మసక వెలుతురులో, కళాసీలు ఒక పెద్ద చెక్కపెట్టె కింద ఇనపతాళ్ళు దూర్చి కొక్కేనికి తగిలిస్తున్నారు. వెనక, బరువులెత్తే వించి మీద కూర్చున్న సూరన్నకు ఆ గొయ్యి కనబడదు. అతనికి కనబడేది జోజి వీపూ, చెయ్యీ. వినబడేది జోజి గొంతు.

"హబీస్!"

వించి కీచుమంది. పెట్టె నేల విడిచింది.

చక్రవర్తులకు మంత్రులూ, సేనలూ, రాతిమీద బిరుదులు చెక్కే శిల్పులూ కావలసి వచ్చారు. జోజి సార్వభౌమత్వానికి మూడు మాటలు చాలాయి. హబీస్ అంటే ఎత్తు. అరియా అంటే దించు. బస్ అంటే ఆగు. మొదటి రెండింటినీ అవసరపడితే చేతి సైగతో నెట్టుకురావచ్చు. మూడోది నోటితోనే అనాలి, ఒక్కసారే అనాలి, అన్న క్షణాన టన్నుల బరువు గాలిలో కొయ్యబారిపోవాలి. ఒక గోతికి ఆ మాట అనే హక్కు ఒక్కడిదే. అందుచేత జట్టులో ఎవరూ దాన్ని చిల్లర పనులకు వాడరు. రెండో గ్లాసు టీ వద్దనుకున్నవాడు గ్లాసు బోర్లిస్తాడు. జోజి మరీ నిష్ఠాపరుడు. కంచరపాలెంలో, సొంత ఇంట్లో, భార్య విమలమ్మ అన్నం వడ్డిస్తుంటే కంచం మీద అరచెయ్యి అడ్డం పెడతాడు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఆ వేళ్ళ మీదే గరిటెడు అన్నం కుమ్మరించి, "నోరు నేదేటి?" అని నవ్వేది.

యాభై దాటిన మనిషి. ఎండకూ, రేవంతా కమ్ముకునే ఇనపరాయి ధూళికీ ఒళ్ళు తుప్పురంగు తిరిగింది. కాళ్ళూ చేతులూ పొదుపుగా చేసిన దేవుడు గొంతు దగ్గర మాత్రం దుబారా చేశాడు. మాట బయటికి రాకముందే కంఠమణి ముందుకు దూకేది.

ఆ ఉదయం, ఉక్కు కర్మాగారానికి యంత్రాలు మోసుకొచ్చిన ఆ సోవియట్ ఓడ మీదికి, సరుకు దించే కంపెనీ సూపర్‌వైజరు గురునాథరావు ఒక సంస్కరణతో వేంచేశాడు. సంస్కరణ అతని మెడలో, నైలాన్ తాడుకు వేలాడుతోంది. అది ఒక ఈల.

"ఇవాళ్టి నుంచి కొత్త పద్ధతి," అన్నాడు అందరూ వినేలా. "జోజి ఆగమంటే సరిపోదు. నా ఈల వినబడితేనే వించి ఆపాలి. రేపటికి ఓడ ఖాళీ కావాలి. ఇతని భయాలకు ఆగుతూ కూర్చుంటే ఆ కర్మాగారం మన మనవలు కట్టుకోవాలి."

"మీకు గొయ్యి అవుపడదు గదా బాబూ," అన్నాడు జోజి.

"నాకు పద్ధతి కనబడుతుంది."

ఇంతటి వాక్యం పుట్టిన చోట శిలాఫలకం లేకపోవడం రేవు చేసుకున్న దురదృష్టం.

కొత్త పద్ధతికి పరీక్ష ఎంతోసేపు ఆలస్యం కాలేదు. పైకి లేస్తున్న ఒక పెట్టె హేచ్ అంచుకు ఆనింది.

"బస్!"

సూరన్న చెయ్యి మీట మీదే ఉంది. అతని కళ్ళు జోజి వీపు విడిచి ఈల వైపు తిరిగాయి. గురునాథరావు సిగరెట్టు వెలిగించుకుంటున్నాడు. వించి ఆగలేదు. పెట్టె గట్టును గీసుకుంటూ పైకి వచ్చింది. దాని నుంచి విరిగిన చెక్కముక్క ఒకటి గోతిలో ఉన్న కళాసీ సన్యాసిరాజు కాలి పక్కన పడింది.

"ఎవడ్రా అది?" అని కిందనుంచి అతని కేక. "ముక్కలెందుకురా, పెట్టంతా ఏసీండి! ఊడిసిపెట్టుకుపోతాం!"

నవ్వు వచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు.

"చూశావా?" అన్నాడు గురునాథరావు. "ఏమీ కాలేదు."

ఇనప గట్టు మీద జోజి వేళ్ళు బిగుసుకున్నాయి. ఓడ మీద ఒక మాట పలికి, ఆ మాట ఖాళీగా తిరిగి రావడం అతని జీవితంలో అది రెండోసారి.

ఆ మాట సామాన్యమైన మాట కాదు. ఒకటిన్నర అక్షరం, అంతటి వంశవృక్షం మాత్రం రాజులకూ లేదు. పూర్వం పారశీక దేశంలో దానికి 'చాలా, కోరినంత' అని అర్థం. కాలక్రమాన 'చాలు' అయింది. చాలు నుంచి చాలాకు రాకపోకలు సాగించిన తెలుగువాడికి ఇందులో వింత లేదు. అక్కణ్ణుంచి గుర్రాలతో, గుడారాలతో, వంటశాలలతో ఉర్దూలోకి నడిచింది. అరబ్బుల అంగళ్ళలో 'అంతే' అయింది. ఇక పేరొక్కటే కలిసిన పరాయివాళ్ళు వేరే ఉన్నారు. తురకదేశంలో ఆ శబ్దానికి 'నొక్కు, తొక్కు' అని అర్థం. ఫ్రెంచివాడికి 'కింద'; ఆ దేశపు దొరసాని కాలికి తొడుక్కునే మేజోడు కూడా అదే. రష్యావాడికి మంద్రమైన మగగొంతు. అందుకే జోజి అరిచినప్పుడల్లా ఆ ఓడ నావికుడొకడు మెచ్చుకోలుగా తల ఊపేవాడు. డచ్చివాడు అచ్చును సాగదీసి 'యజమాని' చేశాడు. ఆ యజమానే సముద్రాలు దాటి బాసు అయ్యాడు. లాటినులో 'అందరి కొరకు' అనే ఆమ్నిబస్ మాటకు తోక తెగిపడితే, ఆ తోక వన్ టౌన్‌కూ కంచరపాలేనికీ మధ్య ఫుట్‌బోర్డు మీద మనుషులను వేలాడదీసుకుని తిరుగుతోంది. మనవాళ్ళు చివర అచ్చు చేర్చి, బస అని, తలదాచుకునే చోటు చేసుకున్నారు.

ఇన్ని దేశాల పండితులు ఇన్ని అర్థాలు చెప్పి ఊరుకున్నారు. ఏ నిఘంటువులోనూ లేని అర్థాన్ని మాత్రం ఈ రేవులో ఒక విచారణ సంఘం ప్రసాదించింది: బస్ అంటే, జోజి అనని మాట.

మధ్యాహ్నం డెక్కు మీద, దించని పెట్టెల నీడన, జోజి క్యారియరు మూత తియ్యకుండానే కూర్చున్నాడు. సూరన్న వచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు.

"అలగ సూడకు బావా. ఇద్దరు పిల్లల్నోడ్ని. ఆడు ఈలూదకపోతే నానేటి సేత్తాను?"

"నువ్వేటి సేత్తావని అడగనేదు. నా మాట ఇన్నావా, నేదా?"

"ఇన్నాను."

"ఆ ఒక్క ముక్క ఆ రోజు పైనున్నోడు ఎవడూ అననేదు బావా," అన్నాడు జోజి.

సూరన్న తల దించుకున్నాడు. ఆ రోజు సంగతి రేవులో అందరికీ తెలుసు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, ఇనప కడ్డీల మోపు దిగుతూ ఒరిగింది. జోజి బస్ అన్నాడు. పక్కనే నిలబడ్డ గురునాథరావు, "పోనీ, పోనీ, ఆపకు," అన్నాడు. అప్పటి వించి డ్రైవరు పెద్దవాడి మాటే విన్నాడు. అడుగున ఉన్న జాన్‌బాబు, విమలమ్మ తమ్ముడు, తల ఎత్తి చూసేలోగా మోపు జారింది. విచారణలో గురునాథరావు, తాను చేతికందే దూరంలోనే ఉన్నాననీ, జోజి ఏమీ అనలేదనీ చెప్పాడు. వించి డ్రైవరు అదే చెప్పి, ఎలమంచిలిలో ఉన్న సొంతవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. గోతిలో ఉన్నవాళ్ళు విన్నామన్నారు. అంత లోతుకు మాట సరిగా వినబడదని పెద్దలు కనికరించారు.

సమాధుల దగ్గరనుంచి ఇంటికి వచ్చాక విమలమ్మ ఒక్కసారి అడిగింది. "నిజం సెప్పు. అన్నావా?"

"అన్నాను."

ఆవిడ నమ్మానని చెప్పలేదు. నమ్మలేదనీ చెప్పలేదు. మళ్ళీ అడగలేదు. కంచం మీద అడ్డంగా వచ్చే ఆ అరచేతిని చూసి నవ్వడం మాత్రం మానేసింది. ఈ ఏడేళ్ళుగా జోజికి కావలసింది ఒక్కటే. తాను ఆ మాట అన్నానని, పైనుండి విన్నవాడెవడో ఒకడు నోటితో చెప్పాలి.

ఎండ వాలుతుండగా ఆఖరి వరసలోని పెట్టె లేచింది. మిగతావాటికంటే పెద్దది. పసుపు రంగులో రష్యా అక్షరాలు, ఏది పైవైపో చూపే బాణం గుర్తు. సగం ఎత్తుకు వచ్చేసరికి ఒక తాడు మూల నుంచి జారింది. పెట్టె మూతి కిందికి వంగింది. కింద మనుషులున్నారు.

"బస్!"

ఈసారి అది మాటలా లేదు. రేవుకు అవతలి కొండదాకా వెళ్ళి, అక్కడ ఎవరినో అడిగి వచ్చినట్టుంది. సూరన్న మీటల మీదనుంచి రెండు చేతులూ తీసి చంకల్లో పెట్టుకున్నాడు. పెట్టె ఆగిపోయింది.

"ఎవడాపమన్నాడు?" గురునాథరావు పరుగెత్తుకొచ్చాడు. "ఈల ఊదానా నేను? ఎత్తు!"

"నాకు ఇనబడింది బాబూ," అన్నాడు సూరన్న.

జోజి గోతిలోకి వంగి, "అందరూ పైకి వొచ్చీండి, బేగి," అన్నాడు. కళాసీలు నిచ్చెన పట్టుకుని ఒక్కొక్కరే ఎక్కి వచ్చారు. చివర సన్యాసిరాజు వచ్చి, వేలాడుతున్న పెట్టెను చూసి, నోటిదాకా వచ్చిన హాస్యం మింగేశాడు.

రేవులో రాయని చట్టం ఒకటుంది. బరువును ఆపినవాడే దాన్ని దింపించాలి. అది ఎందుకు ఆగిందో, ఎటు ఒరిగిందో తెలిసిన కళ్ళు వాడివే గనక. ఇంకెవడు అరియా అన్నా వించి మీది చెయ్యి కదలదు.

"సరే, అందరూ వచ్చేశారుగా," అన్నాడు గురునాథరావు. "దించు."

"దించుతాను బాబూ. జాన్‌బాబు పోయిన రోజు నాను బస్ అన్నానని సెప్పండి. ఈల్లందరూ ఇనేలాగ. అప్పుడు అరియా అంటాను."

గురునాథరావు ఈలను వేళ్ళ మధ్య తిప్పాడు.

"ఆ ఫైలు ఎప్పుడో మూసేశారు జోజీ."

"నాకు ఫైలొద్దు. మీ నోరు గావాల."

ఒక్క క్షణం అతని పెదవులు విడివడ్డాయి. జోజి కంఠమణి పైకి పాకి అక్కడే నిలిచింది. గురునాథరావు చుట్టూ ఉన్న కళాసీలను చూశాడు, చూస్తున్న నావికులను చూశాడు, తన తెల్లచొక్కాను సవరించుకున్నాడు.

"నువ్వు అనలేదు," అన్నాడు, సాక్ష్యం చెప్పిన నాటంత తేలిగ్గా. "దిగు. ఓడ దిగిపో. రేపట్నుంచి నీ మొహం గేటు లోపల కనబడకూడదు."

కొడతాడేమోనని సన్యాసిరాజు రెండడుగులు ముందుకు వచ్చాడు. జోజి కొట్టలేదు. అన్నేళ్ళ కోపమూ ఒక్కసారి మొహంలోకి వచ్చి, అక్కడ చోటు చాలక, మళ్ళీ లోపలికి పోయింది. గట్టు మీద ఆరేసిన చొక్కా తీసి, గుండీలన్నీ పెట్టుకుని, నిచ్చెనమెట్ల వైపు నడిచాడు. కళాసీలు దారి ఇచ్చారు.

"బావా!" సూరన్న వించి మీదనుంచే అరిచాడు. "ఇమలక్కకి నాను సెప్పేనని సెప్పు. నువ్వంటే ఇనబడతాదని, నానే ఇన్నానని సెప్పు!"

జోజి వెనక్కి తిరక్కుండా చెయ్యెత్తాడు, దించాడు, మెట్లు దిగిపోయాడు.

"ఇంకేం చూస్తున్నావ్?" పైన గురునాథరావు గొంతు. "అరియా!"

"ఆపినోడ్ని మీరే పంపీసినారు బాబూ," అంటున్నాడు సూరన్న. "ఇంకెవడంతాడు?"

జోజి జెట్టీ వెంట నడిచాడు. ఎర్రధూళిలో పాదాలు కూరుకుంటున్నాయి. వెనక ఈల మోగింది. మళ్ళీ మోగింది. తరవాత అరియా, అరియా అని ఎవరెవరివో గొంతులు, ఒకటి బతిమాలుతూ, ఒకటి బెదిరిస్తూ. వించి మాత్రం కీచుమనలేదు. గేటు మలుపు దగ్గర అతను ఆగి, వెనక్కి చూశాడు.

తెరిచిన హేచ్ మీద, ఎర్రబడుతున్న ఆకాశంలో, ఆ పెట్టె ఒక మూలకు ఒరిగి వేలాడుతోంది. పైవైపు ఏదో చూపవలసిన బాణం గుర్తు నెమ్మదిగా కొండ వైపు తిరిగింది, సముద్రం వైపు తిరిగింది, మళ్ళీ కొండ వైపు తిరిగింది.