సమాధానమ్మ మూర

మోచెయ్యి నేలకానించి, వేళ్ళు బారజాపి, నడిమి వేలు తగిలిన చోట సమాధానమ్మ పుల్లతో గుంట పెట్టింది. ఆ గుంట పక్కన మళ్ళీ మోచెయ్యి ఆనించింది. మూరకొక టమాటా మొక్క. ఇసుక కలిసిన దొడ్డి నేల, పుల్ల ఇట్టే దిగిపోతోంది. పొద్దింకా సరుగుడు తోపు పైకి రాలేదు. చిట్టమూరు బడిలో పిల్లలకు అన్నం వండే పనికి బయల్దేరేలోగా మడంతా గుంటలు పెట్టేయాలని ఆమె ఆత్రం.

మనిషి పొట్టి, మూరా పొట్టిదే. మొగుడు హెబ్రోను పొడుగు చేతుల మనిషి. ఆయన మూర ఆమె మూర కంటే బెత్తెడు ఎక్కువ. "చెట్టుకూ చెట్టుకూ మజ్జన గాలాడాల గదమే" అంటూ, పెళ్ళయిన కొత్తలోనే ఆమె నాటిన నారంతా పీకి తన మూరతో మళ్ళీ నాటాడు. అదొక్కటేనా! ఆమె ఉట్టి ఎక్కడ కట్టినా ఇంకాస్త పైకి కట్టేవాడు. మంచం ఎటు వేసినా కాస్త జరిపేవాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, కొట్టలేదు, తిట్టలేదు. నవ్వుతూనే జరిపేవాడు. అందుకే ఎవరికీ చెప్పుకునే వీల్లేకపోయింది. ఏమని చెప్తుంది పాపం, మంచం జరిపాడనా?

పోయిన వానల్లో హెబ్రోను పోయాడు. ఆమె ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. ఏడ్చి లేచాక మనసులో మిగిలిన కోరిక ఒక్కటే. ఒక్క మడి, ఒక్కటంటే ఒక్క మడి, తన మూరతో నాటుకోవాలి.

మధ్యాహ్నం బడి నుంచి వచ్చింది. నాయుడుపేట నుంచి తెప్పించుకున్న నారు తడిగోతంలో చుట్టి చంకన పెట్టుకుని దొడ్లోకి పోయి, మడి చూసి ఆగిపోయింది. గుంటలు ఎడంగా ఉన్నాయి. మోచెయ్యి ఆనించి చూసింది. వేలు రెండో గుంటకు అందలేదు. సరిగ్గా బెత్తెడు తక్కువ.

ఎండదెబ్బేమో అనుకుని ముఖాన నీళ్ళు కొట్టుకుంది. గుంటలన్నీ పూడ్చి కొత్తగా పెట్టింది. ఎరువు తేవడానికి ఇంటి పక్కకు పోయి వచ్చేసరికి మళ్ళీ అంతే. ఇసుక మీద ఆమె అడుగులు తప్ప ఇంకొకరివి లేవు. కాకి వాలిన జాడైనా లేదు.

పక్కింటి ప్రమీలమ్మ కంచె మీంచి తొంగిచూసింది.

"ఏందక్కా, గుంటలు అచ్చం బావ పెట్టినట్టే పెట్టినావే!"

"నేను పెట్టలేదు ప్రమీలా."

"మరెవురు పెట్టినారు?"

సమాధానమ్మ మోచెయ్యి ఆనించి, వేలు అందని గుంటను చూపించింది. ప్రమీలమ్మ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఇంకో మాట లేకుండా లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఆ తలుపు చప్పుడుతో సమాధానమ్మకు భయం పోయి ఒళ్ళు మండింది. నడుము మీద చేతులు పెట్టుకుని ఖాళీ మడికేసి గట్టిగానే అంది.

"ఏమయ్యా, ఇన్నాళ్ళూ నీ కొలతకే బతికినా. ఇల్లంతా నీదే, తీసుకో పో. ఈ ఒక్క మడి నాకిడువు. నీకు దండం పెడతా, ఇడువు."

సరుగుడు తోపు హోరు ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఆమె గుంటలు పూడ్చింది. మూడోసారి మూర పెట్టింది. ఈసారి గుంట పెట్టడం, మొక్క దించడం, మన్ను అదమడం, అన్నీ చూపు తిప్పకుండా చేసింది. చివరి మొక్క నాటేసరికి పొద్దు వాలింది. ఎడమ చెయ్యి లాగుతోంది, ఊపిరి అందడం లేదు. నీళ్ళు తెచ్చి పోసే ఓపిక లేదు. లోపలికి పోతే పీకేస్తాడేమోనని పోబుద్ధి కాలేదు. మొక్కల పక్కనే కొంగు పరుచుకుని, ఒక చెయ్యి సాలు మీదికి బారజాపి పడుకుంది. నీళ్ళు పొద్దున పోద్దాంలే అనుకుంది.

తెల్లారి ప్రమీలమ్మ వచ్చి లేపబోయింది. ఎంత పిలిచినా లేవలేదు. ఒళ్ళు ఎప్పుడో చల్లబడింది. ప్రమీలమ్మ కేకకు వీధంతా పరుగెత్తుకొచ్చింది, పాస్టరుగారికి కబురు పోయింది.

అందరూ ఆమెను లోపలికి మోసుకుపోయాక ప్రమీలమ్మ కళ్ళు తుడుచుకుంటూ మడి చూసింది. మొక్కలు దగ్గరదగ్గరగా, ఆ చిన్న చేతి కొలతకే, ఒక్కటీ కదలకుండా నిలబడి ఉన్నాయి. ప్రతి మొదలూ నిండా తడిసి ఉంది. మడి చివర, హెబ్రోను తోటకు నీళ్ళు మోసిన పెద్ద బిందె ఉంది. ఆయన్ని పూడ్చిన రోజున దాన్ని తన నిచ్చెన వేసి ఈ ఇంటి అటకెక్కించింది ప్రమీలమ్మ మొగుడే. ఆ నిచ్చెన ఇప్పటికీ వాళ్ళింట్లోనే ఉంది.

బిందె అంచున నీటిచుక్క ఒకటి ఇంకా వేలాడుతోంది.