వూచాంగ్ చేపలో ముళ్ళు

...అన్నీ ఒకేలాంటి కణాలే, నారగా ఉండిపోవచ్చు, ఎముకగా గట్టిపడనూవచ్చు. చేప కండపొరల మధ్య ఉన్న ఆ పలుచని నారలో ఒక కణం గట్టిపడితే పక్కది కూడా గట్టిపడి, వెంట్రుకంత ముల్లు తయారవుతుంది. గట్టిపడమని చెప్పే జన్యువును శాస్త్రవేత్త మింగ్‌షియా పనిచెయ్యకుండా చేసింది. వెన్నెముక బాగానే ఉంది, పక్కటెముకలూ ఉన్నాయి. చేపలు ఈదుతున్నాయి, బరువు పెరుగుతున్నాయి. ఎక్స్‌రేలో కండలో ఒక్క గీత లేదు. పదకొండేళ్ళ పని ఫలించింది. ఆ విషయంలో ఆమెకు ఏ సందేహమూ లేదు.

సందేహమల్లా నాలుకకే. ఏడేళ్ళప్పుడు ఈ చేప ముల్లే గొంతులో అడ్డంపడితే అది మెత్తబడుతుందని అమ్మమ్మ గిన్నెడు వెనిగర్ తాగించింది. ఆ తర్వాత మింగ్‌షియా చేప తినలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. భయమని తనతో తాను ఒప్పుకోలేదు. శరీరానికి దాని మొండితనం దానిదని సరిపెట్టుకుంది.

లియాంగ్‌జి సరస్సు ఒడ్డున, చేపల కేంద్రం భోజనశాలలో, చెరువులు చూసే ముసలి ఫాన్ పళ్ళెం తెచ్చి బల్లమీద పెట్టాడు. అల్లం, ఉల్లికాడలతో ఆవిరిమీద ఉడికిన చేప. దాని తలను ఆమెవైపు తిప్పాడు. తల ఎవరివైపుంటే వాళ్ళే ముందు తినాలి. ఎనిమిదిమంది తినే పుల్లలు పట్టుకుని కూర్చున్నారు.

"నువ్వు ముట్టుకుంటేగాని మేం ముట్టుకోం, డాక్టరమ్మా. కానివ్వు, ఆకలి చంపేస్తోంది," అన్నాడు ఫాన్.

ఆమె పుల్లలు పొట్టవైపు వెళ్ళాయి.

"పొట్టా!" ఫాన్ తొడ చరిచాడు. "పొట్టలో ఉండేవి లావు పక్కటెముకలేగా! పళ్ళూడిన మా అత్తగారు కూడా తింటుంది. తోక దగ్గర తిను. ముళ్ళు మొదట పుట్టేది అక్కడేనని మాకు చెప్పింది నువ్వేగా?"

"ఊరుకోండి, ఆవిణ్ణి ఆటపట్టిస్తారేం," అంది వంటచేసిన అతని భార్య.

"ఆట కాదే. అయిదేళ్ళుగా చూస్తున్నా, ఈవిడ తినేది రోజూ టోఫూయే. చేసినమనిషే తినని చేపని నేను పక్క ఊళ్ళోవాళ్ళకి పెంచమని ఎలా చెప్పను?"

ఎవరూ నవ్వలేదు. పట్టుబడినందుకు సిగ్గేస్తుందనుకుంది, వెయ్యలేదు. ముసలాయన అన్నది నిజం. ఎక్స్‌రే చిత్రం చూపించి ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళని నమ్మించడం తనవల్ల కాదు.

"సరే, ఫాన్ బాబాయ్. మీరూ కళ్ళు పెద్దవి చేసుకుని చూడండి."

తోక దగ్గర పెద్దముక్క తీసి నోట్లో పెట్టుకుంది. నాలుకతో వెతకకుండా, నాలుగుసార్లు గట్టిగా నమిలి, మింగింది.